గంట నానాలి

పదకొండూ పదికి వాల్వు కట్టేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, తిరగేసిన మేత డబ్బా మీద కూలబడ్డాడు పైపుల మేస్త్రి. గంట నానాలి. గంటంటే గంటే, ఒక్క నిమిషం తగ్గినా లాభం లేదు, నేనొచ్చేదాకా చివరి కుళాయి మీద చెయ్యి పడకూడదు అని వేలు చూపించి మరీ చెప్పి, మొదటి షెడ్డులో పందులకి రక్తం తియ్యడానికి పోయింది డాక్టరమ్మ. నాలుగో షెడ్డులో ఇక మిగిలింది అతనూ, గోడ గడియారమూ, తల్లి పాలు మానేసిన మూడొందల పందిపిల్లలూ. వాటిని పైపు లేని వైపుకి తోలి పలకలు అడ్డం పెట్టారు, తొట్లలో నీళ్ళు పోశారు, పది నిమిషాల్లో తొట్లన్నీ బోర్లా పడ్డాయి, ఇప్పుడు ఒకదాని వీపు మీద ఒకటెక్కి దాహం దాహమని అరుస్తున్నాయి. రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చి చెవిలో మేకులా దిగే అరుపు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నాడు. ఇంట్లో కూడా ఎందుకంత గొంతేసుకుని మాట్లాడతావని పెళ్ళాం విసుక్కుంటుంది, ఇక్కడ అరవకపోతే పక్కవాడికి వినపడదని ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. పైపు మాత్రం అరవదు. గోడ పొడుగునా నడుమెత్తున, బూడిదరంగులో, నూట పది అడుగులు, కడుపు నిండా కడిగే మందు పెట్టుకుని కిక్కురుమనకుండా పడి ఉంది. అతుకుల దగ్గర్నించి పుల్లటి ఘాటు వస్తోంది, ముక్కు చివర చురచురలాడుతోంది. ఇవాళ్టితో తేలిపోవాలి. పిల్లలు చస్తున్నది పైపు వల్లనా, బూట్ల వల్లనా అన్నది. బూట్లంటే బావ. పైపంటే తను. పదకొండూ పద్నాలుగు.

లోపలేం జరుగుతోందో కనపడితే బావుండు. గాజు పైపులుంటాయట ఎక్కడో. నిన్న డాక్టరమ్మ మేత బస్తా వెనక పెన్నుతో గుండ్రాలు గీసి చూపించింది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. ఈ రోగం పురుగులు నీళ్ళలో ఈదుతున్నంతసేపూ దిక్కులేనివి మేస్త్రీ, ఏ మందేసినా చస్తాయి, అదే వాటికో గోడ దొరికిందనుకో, అంటుకుంటాయి, అంటుకుని ఒంట్లోంచి జిగురు వదులుతాయి, ఆ జిగురులోకి ఇంకో నాలుగు వచ్చి చేరతాయి, అలా ఇల్లు కట్టుకుంటాయి, తర్వాత నువ్వు ఎంత మందు పంపినా అది ఇంటి కప్పు మీంచి జారిపోతుంది, అవి లోపల తలుపేసుకుని కూర్చుంటాయి. దాన్ని బయోఫిల్మ్ అంటారంది. పాచే కదమ్మా అన్నాడు మేస్త్రి. పాచే అనుకో, కంటికి ఆనని పాచి, బలగం పెరిగాక అందులోంచి ఒక ముక్క తెగి నీళ్ళలో పడుతుంది, అది ఏ పిల్ల నోట్లోకి పోతే ఆ పిల్ల కథ అయిపోయినట్టే, కీళ్ళు వాస్తాయి, మెదడుకి పాకుతుంది. ఆ తర్వాతి ముచ్చట ఆవిడ చెప్పక్కర్లేదు. పక్కకి పడిపోయి నాలుగు కాళ్ళూ సైకిలు తొక్కినట్టు తొక్కే పిల్లల్ని వందసార్లు ఎత్తి బయట పెట్టాడు. కళ్ళు మాత్రం బతికే ఉంటాయి, గిరగిరా తిరుగుతుంటాయి, నిన్నే వెతుకుతున్నట్టు. మందు పెట్టిన నాలుగు రోజులు బాగుంటాయి, ఆపగానే మళ్ళీ మొదలు. అందుకే పైపు మీద అనుమానం నాకు అంది డాక్టరమ్మ, పెన్ను మూత పెట్టుకుంటూ, నవ్వుతూ, వాటికి అన్నిటికంటే ఇష్టమైంది తీపి, కొంతమంది మహా తెలివైనవాళ్ళు మందు చేదుగా ఉందని గ్లూకోజు కలుపుతారు, పీట వేసి వడ్డించినట్టే వాటికి. మేస్త్రి కూడా నవ్వాడు. పళ్ళు బయటపెట్టి మరీ నవ్వాడు. ఆ నవ్వు రాత్రంతా మొహానికి అతుక్కుపోయి ఊడలేదు.

ఎందుకంటే ఆ మహా తెలివైనవాడు తనే. అయిదేళ్ళ కిందట మందునీళ్ళు మూతి పెట్టి వాసన చూసి వదిలేసేవి పిల్లలు, అప్పట్లో ఉన్న ముసలి డాక్టరు తల పట్టుకున్నాడు, ఓనరు అందరి మీదా ఎగిరాడు, అప్పుడు తనకి తట్టింది, బకెట్టు మందులో రెండు పొట్లాలు గ్లూకోజు కలిపితే పోలా అని. గటగటా తాగేశాయి. ముసలి డాక్టరు వీపు తట్టాడు. ఓనరు ఎవరొచ్చినా ముందు అతన్నే చూపించేవాడు, చదువుకున్నవాళ్ళకి తట్టలేదండీ, మా మేస్త్రికి తట్టింది, ఆరో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు అని. ఆ చివరి ముక్క అనకపోతే ఏమయ్యేదో. అయినా సరే, ఆ ఒక్క మాట మీద అయిదేళ్ళు బతికాడు. ఆరో తరగతి. బడిలో కారే కుళాయికి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఆపింది ఎవరు? తను. హెడ్మాస్టరు చూసి, వీడికి చేతులు పనికొస్తాయి, తల పనికిరాదు, తీసుకుపోయి పనిలో పెట్టుకో అని నాన్నతో చెప్పింది ఎప్పుడు? ఆ వారమే. కారుతూ వదిలేసి ఉంటే పదో తరగతిదాకా లాగేవాడేమో. నలభై ఏడేళ్ళొచ్చాయి, ఇప్పటికీ ఏ కుళాయి కారుతున్నా ముందు ఆ హెడ్మాస్టరు మీద కోపమొస్తుంది, తర్వాతే స్పానరు తీస్తాడు. తల పనికిరాదట. పనికొచ్చింది సారూ, ఒకే ఒక్కసారి పనికొచ్చింది, దాని పర్యవసానం ఇదిగో, పలకల అవతల అరుస్తోంది చూడండి. ఎన్ని పోయాయి ఈ అయిదేళ్ళలో? లెక్క ఆఫీసులో ఉంటుంది, చూడడు. చూడకూడదు. పదకొండూ ముప్పై ఒకటి. గడియారం అద్దం మీద మేత దుమ్ము, ముల్లు కదిలిందో లేదో తెలియడం లేదు, లేచి మోచేత్తో తుడిచాడు, తుడిచినచోట ఇంకాస్త మసకేసింది.

కంటికి శుభ్రంగా ఉంటే సరిపోదురా, వేలు పెట్టి చూడాలి. అమ్మ మాట ఇది. సన్న మూతి బిందె కడిగాక అమ్మ చెయ్యి లోపలికి దూర్చి, చూపుడు వేలు అంచు కింద గుండ్రంగా తిప్పి, తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. జారిందంటే మళ్ళీ తోమాల్సిందే. తమ్ముడూ నీ చెయ్యి సన్నం, నువ్వు దూర్చు అని అక్క తప్పించుకునేది, అతను దూర్చి, తోమకుండానే తోమానని చెప్పేవాడు, అమ్మ అతని వేలు పట్టుకుని వాసన చూసేది. బిందె వాసన కాదు, అతని వేలు. దొరికిపోయేవాడు. అక్క కిసుక్కున నవ్వేది. ఆ నవ్వు విని రెండు నెలలైంది. అంతకు ముందు వారానికి రెండుసార్లు ఫోను చేసేది, ఏం తిన్నావు, నడుము నొప్పి ఎలా ఉంది, మీ బావ బూట్లు తోమడం మళ్ళీ మర్చిపోయాడా. అవును, ఆ మాట అక్కే అనేది, ఎగతాళికి. ఎగతాళి మాటలు కూడా ఎక్కడో అతుక్కుని ఉంటాయి కాబోలు, అదను చూసి ఊడి పడతాయి.

బావ ఈ షెడ్డు ఊడ్చేవాడు, పదకొండేళ్ళు. పందుల మధ్య పెళ్ళిపెద్దలా నడిచేవాడు, చీపురు భుజాన వేసుకుని, ప్రతి పందికీ ఒక పేరు, లావుపాటిదానికి హెడ్మాస్టరని పెట్టాడు, ఎవరి కోసం పెట్టాడో చెప్పక్కర్లేదు. అతను పైపు బిగిస్తుంటే వెనక నిలబడి, ఏం బావమరిదీ, నీ పైపుల్లో నీళ్ళు నీకు దణ్ణం పెట్టి మరీ పారుతున్నట్టున్నాయే, పైపుల దేవుడివయ్యా నువ్వు అనేవాడు. నోరు మూసుకుని ఊడ్చుకో బావా అనేవాడు తను. లోపల లోపల బాగుండేది. జబ్బు పిల్లలున్న గదిలోంచి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర మందునీళ్ళ తొట్టిలో బూట్లు ముంచి, జత మార్చుకుని మరీ బాగున్నవాటి దగ్గరకి పోవాలి, అది ఇక్కడి రూలు, గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. బావ ముంచేవాడు. ముంచేవాడా? ఒకసారి వాన కురుస్తుంటే, కప్పు కారి మేత తడుస్తోందని పరిగెత్తాడు, అప్పుడు ముంచలేదు. ఒక్కసారి. పిల్లలు వరసగా పోతున్న వారం ఓనరు ఇద్దరినీ పిలిపించి, బావని గది బయట నిలబెట్టి, తనని లోపలికి రమ్మని, మేస్త్రీ, నువ్వు రోజూ షెడ్డులో ఉంటావు, బూట్లు మార్చకుండా తిరగడం నువ్వు చూశావా లేదా అన్నాడు. ఫ్యాను చప్పుడు చేస్తోంది. బల్ల మీద అద్దం కింద ఎవరిదో పెళ్ళి ఫొటో. చూశానండీ అన్నాడు. ఎన్నిసార్లు? ఒకటి రెండుసార్లు. ఒకటి నిజం. ఆ రెండు ఎక్కడి నుంచొచ్చింది? నోట్లోంచి దానంతటదే ఊడి పడింది, రెండు అనే మాట, బూట్లు కాకపోతే ఇంకేమిటని అడుగుతారేమోనన్న భయంలోంచి. అంటే అప్పటికే అనుమానం ఉందన్నమాట తన పైపు మీద. లేదు, లేదు, అప్పుడు లేదు, ఈ డాక్టరమ్మ వచ్చాకే. ఉందో లేదో ఎవరు చూడొచ్చారు. తర్వాత బావని లోపలికి పిలిచి పనిలోంచి తీసేశాడు ఓనరు. బావ బయటికి వస్తూ, దేవుడు నైవేద్యం తినేశాడా అన్నాడు, నవ్వుతూనే, ఇప్పుడు లారీలు కడుగుతున్నాడట, ఎండలో. బావ వెళ్ళిపోయాక ఒక వారం ఒక్క పిల్లా చావలేదు. ఓనరు చంకలు గుద్దుకున్నాడు. ఎనిమిదో రోజు మళ్ళీ మొదలైంది. వాడు వదిలిన రోగమే, ఇంకా పోలేదు అన్నారు అందరూ. తనూ అన్నాడు.

పదకొండూ నలభై ఎనిమిది. నోరెండిపోయింది. సీసాలో నీళ్ళున్నాయి, తాగబుద్ధి కాలేదు, పిల్లల ముందు తాగడానికి సిగ్గేసింది, ఎన్నడూ లేని సిగ్గు. పలక సందులోంచి ఒక మూతి బయటికి వచ్చి గాలిని వాసన చూస్తోంది, గులాబిరంగు నాణెంలా, తడితడిగా. ఆగండర్రా, అరగంట కూడా లేదు. చివరి కుళాయి కింద తెల్ల బకెట్టు పెట్టి ఉంది, ముందొచ్చే నీళ్ళు అందులో పట్టాలి, తెల్లదైతే చెత్త కనపడుతుందని. చెత్త వస్తే పైపు తప్పు. రాకపోతే బూట్ల తప్పు. చెత్త రాకూడదు దేవుడా. రాకపోతే మాత్రం? ఇవి చస్తూనే ఉంటాయి. రావాలి. వస్తే అక్క మొహం ఎలా చూడాలి. నువ్వు ఏది కోరుకుంటున్నావో తేల్చుకో ముందు. నూట పది అడుగుల పైపు మాత్రం శుభ్రంగానే ఉంటుంది, ఆ సంగతి తనకి తెలుసు, నెలకోసారి తనే ఒత్తిడి పెట్టి కడుగుతాడు. పదకొండూ యాభై రెండు. మేత బస్తాల వైపు చూడకు. చూడకు అనుకోగానే చూశాడు.

అటు మూల, బస్తాల వెనక, ఒక మూరెడు పైపు ఉంది. ఒకప్పుడు జబ్బు పిల్లల గది ఆ మూలనే ఉండేది, పెద్ద పైపులోంచి ఒక కొమ్మ తీసి, కొసన మందు బకెట్టు వేలాడదీసింది తనే, గ్లూకోజు కలిపింది అందులోనే. కిందటేడు గది మార్చారు, బకెట్టు తీసేశాడు, కొసకి మూత బిగించి వదిలేశాడు. కొమ్మ మొదట్లో వాల్వు పెట్టలేదు, ఎందుకులే అనుకున్నాడు. పెద్ద పైపులో నీళ్ళు పారుతుంటాయి, ఆ మూరెడులో పారవు, నిలుస్తాయి, వెచ్చగా, చీకట్లో, తీపిగా. ఎంత ఒత్తిడి పెట్టి కడిగినా అందులోకి తోసుకుపోవు, దారి ఉంటేగా పోవడానికి. ఇవాళ్టి మందు కూడా అంతే, దాని గుమ్మం ముందునుంచి పోయి ఉంటుంది. నిన్న డాక్టరమ్మ కాగితమిచ్చి, పైపు ఎక్కడెక్కడ తిరుగుతుందో మొత్తం గియ్యి మేస్త్రీ అంది. గీశాడు. ట్యాంకు, మలుపులు, పిల్లలు మూతితో నొక్కి తాగే కుళాయిలు ముప్పై ఆరూ, చివరి కుళాయి. పెన్సిలు బస్తాల దగ్గరకొచ్చి ఆగింది. ఆగిందా, ఆపాడా? ఆవిడ కాగితం ఎత్తి వెలుతురులో పెట్టి, ఇంజినీరులా గీశావే అంది. జన్మలో మొదటిసారి. చదువుకున్న మనిషి, అతని గీత చూసి, ఆరో తరగతి ఊసెత్తకుండా. ఆ మాట విన్నాక, ఇంకో ముక్క ఉందమ్మా అనడానికి నోరెలా వస్తుంది. ఒక్క మూల మిగిలినా చాలు వాటికి అని కూడా ఆవిడే అంది, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

ఎవరికీ తెలియదు. బస్తాలు జరిపేవాడు లేడు. వచ్చే ఆదివారం నెమ్మదిగా వచ్చి, కోసేసి, పారేసి, మూత బిగిస్తే రోగం తగ్గుతుంది, తన పేరు బయటపడదు, అందరూ డాక్టరమ్మ మందు పనిచేసిందంటారు, పిల్లలు బతుకుతాయి. ఇంతకంటే ఏం కావాలి. అందరికీ మంచిదే. బావకి తప్ప. బావకి లారీలు అలవాటైపోయే ఉంటాయి. ఎండ కూడా అలవాటవుతుంది. అక్కకి నిజం తెలియదు, ఎప్పటికీ తెలియదు, మెల్లగా మర్చిపోయి ఫోను చేస్తుంది. చేస్తుందా? రెండు అన్న మాట అక్కకి ఎవరు చెప్పారో, తను బస్సు దిగి గుమ్మంలోకి వెళ్ళగానే, ఒకటి సరిపోలేదా తమ్ముడూ అంది, అంతే, తలుపు వెయ్యలేదు, కూర్చోమనలేదు, వెనక్కి తిరిగి గిన్నెలు తోముకుంటూ నిలబడింది. ఆ గిన్నెల చప్పుడు. పన్నెండూ అయిదు. పిల్లలు అరవడం తగ్గించాయి. అలిసిపోయాయి. అరుపు కంటే ఇదే ఎక్కువ భయంగా ఉంది.

గుమ్మం దగ్గర తొట్టిలో బూట్లు మునిగిన చప్పుడు. డాక్టరమ్మ చేతి తొడుగులు మార్చుకుంటూ వచ్చింది, చెమటతో జుట్టు నుదుటికి అంటుకుని ఉంది.

"ముట్టుకోలేదు కదా?"

"లేదమ్మా."

"ఏంటి మొహం అలా ఉంది, పిల్లల బదులు నువ్వు దాహంతో ఉన్నావా?" అని చివరి కుళాయి తిప్పింది.

ముందు గాలి తుపుక్కుమంది, తర్వాత నీళ్ళు, కొంచెం పసుపు, నాలుగు నలుసులు, తర్వాత తెల్లగా, తేటగా, బకెట్టు అడుగు కనపడేంత తేటగా. మేస్త్రి హమ్మయ్య అనుకున్నాడు, నిజంగా అనుకున్నాడు, ఆ ఒక్క క్షణం. డాక్టరమ్మ ఒక సీసాలో పట్టి వెలుతురుకి ఎత్తి చూసింది, మొహంలో ఉత్సాహం పోయింది.

"ఇంత శుభ్రంగా ఉందేంటి. నా అనుమానం తప్పన్నమాట. పైపు బానే చూసుకుంటున్నావు మేస్త్రీ, నీ తప్పేం లేదు." అట్ట మీద కాగితం తిప్పి పెన్ను తీసింది. "అయితే ఓనరుగారు అన్నదే రాయాలి. మనుషుల ద్వారా. ఆ ఊడ్చే ఆయన... మీ బంధువేనట కదా?"

"మా అక్క మొగుడు."

"అయ్యో. చూడు, రాయక తప్పదు. ఇది రాస్తే ఇంక ఏ ఫారంలోనూ పని ఇవ్వరనుకుంటా."

పెన్ను కాగితం మీద ఆనింది. నీ తప్పేం లేదు, ఎంత బాగుంది ఆ మాట, చెవిలో వెన్న రాసినట్టుంది, హెడ్మాస్టరు వింటే బావుండు. పెన్ను ఒక అక్షరం రాసింది. రెండో అక్షరం. అమ్మ వేలు పట్టుకుంది. జబ్బు పిల్ల కళ్ళు గిరగిరా తిరిగాయి. వానలో చీపురు ఎత్తుకుని పరిగెడుతున్నాడు బావ, మేత తడుస్తోందిరా దేవుడా, తలుపు తియ్యి అంటూ.

"డాక్టరమ్మా," అన్నాడు మేస్త్రి, గొంతు ఇక్కడ ఎప్పుడూ లేనంత నెమ్మదిగా వచ్చింది, ఆవిడకి వినపడలేదు, మళ్ళీ అరిచాడు. "డాక్టరమ్మా! నేను గీసిన బొమ్మలో ఒక ముక్క తగ్గింది."

ఆవిడ తల ఎత్తింది. ఇంకా చెప్తూ కూర్చుంటే ఆగిపోతానని అతనికి తెలుసు. బస్తాలు ఒక్కోటీ లాగి అవతల పడేశాడు, మూరెడు పైపు బయటపడింది, మూత మీద దుమ్ము, దాని మీద తన వేలిముద్రలే కాబోలు. ట్యాంకు వాల్వు కట్టే ఉందో లేదో చూసుకుని, సామాన్ల పెట్టెలోంచి రంపం బ్లేడు తీసి, కొమ్మ మొదట్లో కోశాడు. ముక్క చేతిలోకి వచ్చింది, అనుకున్నదానికంటే బరువుగా. వంచితే నీళ్ళు రాలేదు. కాసేపాగి ముక్కుచీదినట్టు ఒక ముద్ద జారి తెల్ల బకెట్టులో పడింది, బూడిదరంగులో, సాగుతూ, వెనకాల తోకలు ఈడ్చుకుంటూ. తేటనీళ్ళలో అది విడిపోలేదు. అలాగే మునిగి అడుగున కూర్చుంది. డాక్టరమ్మ సీసా కోసం చెయ్యి చాచింది. మేస్త్రి చూపుడు వేలు పైపులోకి దూర్చి గుండ్రంగా తిప్పి తీశాడు. జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుళ్ళు వాసన, దాని వెనక ఎక్కడో, సన్నగా, తీపి.

"ఎవరు పెట్టారిది?"

"నేనే. గ్లూకోజు కలిపిన మహా తెలివైనవాణ్ణి కూడా నేనే." ఊపిరి తీసుకున్నాడు. "ఆ కాగితం చింపెయ్యండమ్మా. బూట్లు ఒక్కసారే, అదీ వానలో. రెండని నేనన్నాను."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఇంజినీరు మొహం కోసం వెతుకుతోందేమో. తర్వాత కాగితం చింపలేదు, రాసినదాని మీద అడ్డంగా గీత కొట్టి, ఓనరుగారిని పిలుస్తాను, నువ్వు ఇక్కడే ఉండు అని బయటికి నడిచింది.

ఓనరు వచ్చేలోపు ఎన్ని నిమిషాలుంటాయి? ఆఫీసు గది నుంచి ఇక్కడికి నాలుగు. ఇవాళ సాయంత్రానికి తన సామాన్ల పెట్టె గేటు బయట ఉండొచ్చు. ఉండనీ. ఎడమ చేత్తో ఫోను తీశాడు, కుడి చెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకున్నాడు, ఆ వేలు తుడుచుకోబుద్ధి కాలేదు. మోగింది. మోగింది. ఎత్తదు. ఎత్తింది. అవతల నీళ్ళ చప్పుడు.

"అక్కా. బావ ఉన్నాడా?"

"ఎందుకు?"

"బూట్లు కాదక్కా. పైపు."

నీళ్ళ చప్పుడు ఆగింది. "ఎవరి పైపు?"

"నాదే."

అక్క ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టినట్టుంది, అయినా వెనకనించి బావ గొంతు వినపడింది, పుక్కిలించి ఉమ్మి, ఏమంటాడే మన పైపుల దేవుడు అంటూ. బావ అడుగుల చప్పుడు ఫోను దగ్గరికి వస్తోంది. ఇటు వైపు షెడ్డు గుమ్మం దగ్గర, మందునీళ్ళ తొట్టిలో, ఎవరివో బరువైన బూట్లు దిగాయి. పలకల వెనక పిల్లలు మళ్ళీ అరుపు అందుకున్నాయి. వినపడాలంటే గట్టిగా చెప్పాలి, అందరికీ వినపడేలా చెప్పాలి, మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.